వదిన గుర్తు రోడ్డు రోలరు

ఆ వానాకాలమంతా నాకు ఇంట్లో కాలు నిలవలేదు. ఎక్కడ చూసినా ఐటీ, ఐటీ అని ఊగిపోతున్న రోజులవి. మధ్యలో ఆ ఒక్క ఏడాది కాస్త చల్లబడింది. ఆ చల్లదనం సరిగ్గా నా నెత్తిన పడింది. మాదాపూర్‌లో నేను పనిచేసే కంపెనీలో ఒక ప్రాజెక్టు అయిపోయింది, ఇంకొకటి రాలేదు. అలా ఖాళీగా ఉన్నవాళ్లను ‘బెంచి మీద ఉన్నారు’ అనేవారు. కొన్నాళ్లు ఆఫీసుకు పోయి కంప్యూటర్ ముందు ఊరికే కూర్చున్నాను. చివరికి మేనేజరే అన్నాడు, ఇంటికి పోయి ఉండు, పని రాగానే ఫోన్ చేస్తాం అని.

చేవెళ్ల దాటాక రోడ్డు దిగి లోపలికి పోతే మా ఊరు. బెంచి సంగతి చెప్తే మా అవ్వ, అమ్మను మేం అలాగే పిలుస్తాం, సంతోషపడింది.

“కూసోవెట్టి జీతమిస్తున్నరా? ఇంకేం గావాలెరా నీకు? జర బువ్వ మంచిగ తిను, ఒళ్లు చేసుకో” అంది.

తినేవాణ్ణి. తిన్నాక ఏం చేయాలో తెలిసేది కాదు. పొద్దున్నే బండి తీసుకుని మొయినాబాద్ దాకా పోయి, బస్టాండ్ దగ్గర చాయ్ తాగి, పేపర్లో ఉద్యోగాల పేజీ చూసి, మళ్లీ ఇంటికి వచ్చేవాణ్ణి. మధ్యాహ్నం పొలానికి పోతే టమాట తోటలో పనిచేసే ఆడవాళ్లు నన్ను చూసి మాటలు తగ్గించేవారు. తిరిగి వచ్చేవాణ్ణి. ముందు గదిలో టెలిఫోను ఉండేది. అది మోగినప్పుడల్లా ఎక్కడున్నా ఒక్క ఉరుకులో వచ్చి ఎత్తేవాణ్ణి. పదిసార్లలో తొమ్మిదిసార్లు అది మా అన్నకే.

అన్నది వేరే తొందర. బాపు పోయినప్పటినుంచి పొలమూ ఆయనే చూస్తున్నాడు, ఊరి రాజకీయమూ ఆయనే చూస్తున్నాడు. ఈసారి సర్పంచిగా నిలబడాలని ఏళ్లతరబడి కాచుకుని ఉన్నాడు. ఊళ్లో ఏ పెళ్లికీ, ఏ చావుకూ పోకుండా ఉండలేదు. తీరా ఎన్నికలు వచ్చేసరికి మా ఊరు ఆడవాళ్లకు రిజర్వు అయింది. ఆ కబురు తెలిసిన రోజు అన్న జీపు దిగి, కాళ్లు కూడా కడుక్కోకుండా వంటింటి గడపలో నిలబడి వదినతో అన్నాడు.

“నువ్వు నిలవడాలె.”

వదిన రొట్టెలు కాలుస్తోంది. “ఏడ?” అంది.

“సర్పంచికి. పేరు నీది. మిగిలిందంత నేను చూసుకుంట. నువ్వు ఫికర్ జెయ్యకు.”

వదిన పుట్టిల్లు మా జిల్లాలోనే ఉన్న ప్రొద్దుటూరు. ఇంటర్ దాకా చదువుకుంది. నాకంటే రెండేళ్లు పెద్దది కావచ్చు. ఎప్పుడూ పనిలోనే కనిపించేది గనక ఆమె ఏం ఆలోచిస్తుందో నాకు ఏనాడూ తట్టలేదు. ఆ రోజు రొట్టె తిప్పి, “మిగిలిందంటే ఏం మిగుల్తది?” అని మాత్రం అడిగింది. అన్న అప్పటికే ఫోను దగ్గరికి పోయాడు.

గుర్తులు పంచిన రోజు చేవెళ్ల మండలాఫీసు నుంచి అన్న మొహం మాడ్చుకుని వచ్చాడు. ఎదుటి ఆమెకు గొడుగు వచ్చింది, మనకు రోడ్డు రోలరు.

“వానాకాలంల దానికి గొడుగు వచ్చింది సూడు! గొడుగు ఇంటింటికి ఉన్నది. రోలరు ఎవని ఇంట్ల ఉంటదే?” అని అవ్వ మీద కసురుకున్నాడు, అవ్వే గుర్తులు పంచినట్టు.

అవ్వ మాత్రం నిదానంగా చాట పక్కన పెట్టి, “చిన్నోడు చేస్తడు గద బండ్లు. వాన్ని చెయ్యమను ఒకటి. ఊకె తిరుగుతున్నడు” అంది.

నేను బండ్లు చేసేవాణ్ణని వదినకు అప్పుడే తెలిసింది. నేనూ ఆ మాట విని చాలా ఏళ్లయింది.

హైస్కూల్లో ఉన్నప్పుడు అట్టతో లారీ చేశాను. తెగిపోయిన హవాయి చెప్పులను గుండ్రంగా కోసి దానికి చక్రాలు పెట్టాను. తర్వాత ట్రాక్టరు, దాని ట్రాలీ, రోడ్డు మీద పోయే ఎర్రబస్సు. ఇంజనీరింగ్ చదవడానికి పట్నం పోయాక ఆబిడ్స్‌లో ఒక బొమ్మల దుకాణం అద్దంలో జీపు కిట్టు చూశాను. డబ్బాలో ప్లాస్టిక్ ముక్కలు ఆకు ఈనెలకు అంటుకున్నట్టు చట్రానికి వేలాడుతున్నాయి. కోసి, రాకి, అతికించి, రంగు వేసుకోవాలి. అసలు బండి ఎంత తగ్గిందో దాని స్టీరింగూ అంతే తగ్గింది, బోల్టూ అంతే తగ్గింది. అప్పటిదాకా నేను చేసినవి బొమ్మలు. ఇది బొమ్మ కాదు, చిన్నదైపోయిన జీపు. ఆ తేడా చూశాక నాకు పిచ్చి పట్టింది. హాస్టల్లో మంచం కింద ఒక గ్యారేజీయే తయారైంది.

ఉద్యోగం వచ్చాక మానేశాను. మానేద్దామని అనుకున్నది లేదు. ఇవాళ కాదు, వచ్చే ఆదివారం అనుకుంటూ పోతే పదేళ్లు దగ్గరపడ్డాయి.

యూరియా బస్తాలుండే గదిలో అటక మీద నా బిస్కెట్ల డబ్బా అలాగే ఉంది. మూత రాలేదు, రాయితో కొట్టాల్సి వచ్చింది. జిగురు ట్యూబు రాయిలా గట్టిపడింది. బ్లేడ్లు తుప్పు పట్టాయి. స్టీలు స్కేలు, చిన్న పట్టకారు, సన్న ఆకురాయి బాగున్నాయి. అడుగున పాత గుడ్డలో చుట్టి సగం చేసిన మిలిటరీ ట్రక్కు ఒకటి దొరికింది. దానికి చక్రాల్లేవు. అది ఎందుకు ఆపేశానో ఎంత గుర్తుచేసుకున్నా గుర్తు రాలేదు. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు ఆ గదిలోనే అటూ ఇటూ తిరిగాను. యూరియా వాసనకు తుమ్ములు మొదలయ్యాక బయటికి వచ్చాను.

మర్నాడు టేపు జేబులో వేసుకుని మొయినాబాద్ రోడ్డెక్కాను. అక్కడ రోడ్డు వెడల్పు పని నడుస్తోంది. పట్నంవాళ్ల ఫామ్‌హౌస్‌లు పెరుగుతున్న కొద్దీ కార్లూ పెరిగాయి. పని ఆగిన చోట కంకర కుప్ప పక్కన పసుపు రంగు రోలరు నిలబడి ఉంది. దాని నీడలో డ్రైవరు గిన్నె ముందు పెట్టుకుని తింటున్నాడు. నేను టేపు లాగి వెనక చక్రానికి ఆనించగానే లేచి నిలబడ్డాడు.

“సార్, నిన్ననే ఒక సారు చూసిపోయిండు గద?” అన్నాడు భయంగా.

నేను ఆఫీసరును కాదని, మా వదినకు ఓట్ల గుర్తు ఇదేనని, దీన్ని చిన్నగా చేయాలని చెప్పాను. కాసేపు నన్ను అనుమానంగా చూసి, తర్వాత గిన్నెలో అన్నం ఒలికిపోయేలా నవ్వాడు.

“దీనికి ఓటెవ్వడేస్తడు సార్? పొద్దున బయలెల్లితె మాపటికి ఊరి పొలిమేర దాటది!”

కానీ చెయ్యి కడుక్కుని వచ్చి టేపు రెండో కొస అతనే పట్టుకున్నాడు. కొలతలన్నీ అయ్యాక, “సప్పుడు వింటవా?” అని ఎక్కి స్టార్ట్ చేశాడు. పక్కన నిలబడితే అరికాళ్ల నుంచి పళ్ల దాకా అదిరింది. ఇంటికి వచ్చేదాకా ఆ అదురు నాలోనే ఉంది.

అడుగుకు అంగుళం లెక్కన చేద్దామనుకున్నాను. పదహారడుగుల రోలరు మూరకన్నా తక్కువ అవుతుంది. ముందు చక్రానికి మా బోరు దగ్గర మిగిలిన పీవీసీ పైపు ముక్క సరిపోయింది. వెనక పెద్ద చక్రాలకు పాలపొడి డబ్బాలు. ఇంజన్‌కూ డ్రైవరు కూర్చునే తొట్టికీ చేవెళ్ల నుంచి మందపాటి అట్ట తెచ్చాను. మధ్యాహ్నాలు వరండాలో చాప పరుచుకుని కూర్చునేవాణ్ణి.

చెయ్యి అంతా మరిచిపోయింది. కన్ను మాత్రం ఏదీ మరవలేదు. అదే కష్టం. పైపు కోస్తే వంకర పోయింది. వంకర పోయిందని కన్ను వెంటనే చెప్పేది, దాన్ని సరిచేయడం మాత్రం చెయ్యికి చేతనయ్యేది కాదు. ఇంజన్ పక్కన గాలి పోయే సందులు కోయబోతే బ్లేడు జారి బొటనవేలు తెగింది. అవ్వ పసుపు అద్ది, “చదువుకున్నోనివి, గీ పాటి తెల్వదా?” అంది. తొట్టి మూడుసార్లు చేశాను. మూడోది బాగానే వచ్చింది. కానీ రెండోదే బాగుందేమో అనిపించి, పారేసిన దాన్ని చెత్తలోంచి ఏరుకొచ్చి పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. మొయినాబాద్ తిరుగుళ్లు మానేశాను గానీ నెమ్మది మాత్రం రాలేదు. రోడ్డు మీద ఉన్న తిరుగుడంతా వేళ్లలోకి వచ్చి కూర్చుంది.

వదిన పని మధ్యలో వచ్చి గుమ్మానికి ఆనుకుని చూసేది. ఒకరోజు, “డ్రైవరు సీటు ఏంటితోని చేస్తవ్ మరిదీ?” అంది. నేను ఇంకా అనుకోలేదన్నాను. ఆమె పాత హ్యాండ్‌బ్యాగు తెచ్చి, లోపలి రెగ్జిన్ కోసి, దూది పెట్టి, అగ్గిపెట్టెంత సీటు కుట్టి ఇచ్చింది. నేను కొలత చెప్పలేదు. తొట్టిలో పెడితే కాస్త పెద్దదైంది. “ఆ రోలరాయన ఎట్లుంటడు? సన్నగనా, లావుగనా?” అంది. లావే అన్నాను. “అయితె గంతనే ఉండాలె” అంది.

సీటు కుడుతూ ఆమె మాట్లాడింది. నిలబడమని అందరూ చెప్పారట గానీ గెలిస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదట. అన్న ఆమెకు నేర్పించింది రెండే: దండం పెట్టడం, ‘మీ ఆశీర్వాదం’ అనడం.

“గిప్పుడు ఎవరన్న నన్ను మా నల్లల నీళ్లెందుకొస్తలేవు అని అడిగితె, మీ ఆశీర్వాదం అనాల్నా?” అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ప్రచారానికి జీపు సిద్ధం చేస్తున్న రోజు అన్న వరండాలోకి వచ్చి రోలరును చూశాడు. అప్పటికి చక్రాలు, తొట్టి, ఇంజన్ అయ్యాయి. పైకప్పు లేదు, రంగు లేదు.

“గిదేంది తమ్మీ? గింతేనా?”

“అడుగుకు అంగుళం, అన్నా. కొలత ప్రకారం చేసిన.”

“కొలత ఎవడు చూస్తడురా? జీపు మీద వెడితె గల్లీ అవతలికెల్లి కనవడాలె. మంచమంత చెయ్యి. డ్రమ్ములు నేను తెప్పిస్త.”

“మంచమంత చేస్తె అది డ్రమ్ముల బండి అయితది. రోలరు కాదు.”

“ఓట్లకు గీ నకరాలు నడువయ్” అన్నాడు అన్న. నాకూ కోపం వచ్చింది. పదేళ్లుగా ఎవరూ పట్టించుకోని నా చేతులకు, ఆ రోజు ఎవరో ముట్టుకుంటే నొప్పి పుట్టేంత అభిమానం వచ్చింది. ఇద్దరం గొంతులు పెంచాం. అవ్వ లోపలినుంచి ఇద్దర్నీ కలిపి తిట్టింది.

వదిన వచ్చి రోలరును రెండు చేతుల్తో ఎత్తింది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు మోచేతి మీద ఆనించుకుంది. బరువు చూసింది.

“గిదే మంచిగున్నది” అంది.

“ఏం మంచిగ? జీపు మీద ఈగ లెక్క కనవడ్తది.”

“జీపు మీద ఎందుకు? నేను చేతుల వట్టుకొని ఇల్లిల్లు తిరుగుత. నీ జీపు నువ్వు తిప్పుకో.”

అన్న ఏదో అనబోయాడు. ముందు గదిలో ఫోను మోగింది. ఆ ఫోను ఎప్పట్లాగే ఆయనదేననుకుని లోపలికి పోయాడు. మాట అక్కడ తెగిపోయింది. ఓట్లయ్యేదాకా ఆయన ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే వదిన మళ్లీ అదే మాట అంటుందని భయపడ్డాడేమో.

నా ఫోను ఆ మర్నాడు వచ్చింది. పైకప్పుకు నాలుగు కడ్డీలు నిలబెడుతున్నాను. జిగురు ఆరేదాకా రెండు చేతులూ తీయడానికి లేదు. ఫోను మోగింది. మోగుతూనే ఉంది. నేను లేవలేదు. ఇన్నాళ్లూ దాని కోసమే పరుగెత్తినవాణ్ణి, ఆ కడ్డీ వంగుతుందేమోనని కూర్చుండిపోయాను. వదిన పోయి ఎత్తి, గుమ్మంలోకి వచ్చి అంది.

“నీకే. ఇంగ్లీషుల మాట్లాడుతున్నరు. జర ఆగుమన్న.”

మేనేజరు. కొత్త పని వచ్చింది, సోమవారం పొద్దున్నే రావాలి. వస్తానన్నాను. ఫోను పెట్టేసి వరండాలోకి వచ్చి చూస్తే ఒక కడ్డీ ఒరిగిపోయి ఉంది. ఎన్ని రోజులు ఎదురుచూశానో ఆ కబురు కోసం! ఇంటి నుంచి పోవాలని ఎంత కొట్టుకున్నానో, ఆ పూట ఉండిపోవాలని అంత కొట్టుకున్నాను.

ఒరిగిన కడ్డీ నిలబెట్టి, పైకప్పు రేకు కోసి ఇచ్చి, రంగు డబ్బాలు వదిన ముందు పెట్టాను. ఎక్కడ పసుపు, ఎక్కడ నలుపు, ఒక పూత ఆరాకే రెండో పూత, బ్రష్షు ఒకే వైపు లాగాలి, వాన గాలికి బయట పెట్టొద్దు. చెప్పిందే మళ్లీ చెప్పాను.

“రొట్టెలు చేసుటానికన్న కష్టమా?” అంది వదిన.

“కష్టమే” అన్నాను. అప్పుడు నవ్వింది.

మాదాపూర్‌లో ఆ వారమంతా తెర మీద ఎవరివో లెక్కలు చూస్తూ, ఆ రెండో పూత ఆరిందా లేదా అని ఆలోచించాను. శనివారం పని కాగానే మెహదీపట్నం వచ్చి చేవెళ్ల బస్సు పట్టుకున్నాను.

రోలరు వరండా గోడ మీద ఉంది. రంగు వేసింది. బ్రష్షు గీతలు కనిపిస్తున్నాయి. ఒక వైపు పసుపు కారి చక్రం మీద గడ్డ కట్టింది. పైకప్పు ముందుకు కొంచెం దిగింది. పైన నేను చెప్పని ఎర్ర గీత ఒకటి అంచు చుట్టూ వేసింది, చీర అంచులాగా. అసలు రోలరుకు అది లేదు. నాకు వేళ్లు దురద పెట్టాయి. ఇసుక కాగితం కోసం జేబులో చెయ్యి పెట్టాను.

“ముట్టకు” అంది వదిన. “పొద్దున ఎత్తుకపోవాలె. నీ చేతుల వడితె ఓట్లయినంక గాని బయటికి రాదు.”

ఆదివారం పొద్దున ఆమెతోపాటు నేనూ తిరిగాను. అన్న జీపు మైకుతో ఊరి పై భాగంలో తిరుగుతోంది. వదిన ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని, రోలరు చంకన పెట్టుకుని, ఒక్కో ఇంట్లోకే పోయింది. జీపు మీద ఉన్న గుర్తుకు జనం చెయ్యి ఊపుతారు, అంతే. చేతిలో ఉన్నదాన్ని మాత్రం ‘ఏదీ, చూడనీ’ అని అడుగుతారు. అడిగితే కింద పెట్టాలి. కింద పెడితే వదినా కూర్చోవాలి. కూర్చుంటే మాటలు మొదలవుతాయి. ఇది నేను లెక్క వేసి చేసింది కాదు. వదినకు ముందే తోచిందో, తిరిగాక తెలిసిందో నేను అడగలేదు.

ఊరి కింది వైపు ఎస్సీ కాలనీకి పోతే, మా ఇంటివాళ్లు ఓట్లప్పుడు కూడా వాడ మొదట్లోనే ఆగి దండం పెట్టి వచ్చేవారు. వదిన లోపలిదాకా పోయింది. దారంతా బురద. చెప్పులు చేత్తో పట్టుకోవాలన్నా చేతులు ఖాళీ లేవు. ఒక ముసలామె అరుగు మీదినుంచి రోలరును ఎగాదిగా చూసి అడిగింది.

“మా గల్లీకి ఎన్నడన్న వస్తదా బిడ్డా గీ ఇంజను?”

వెంట ఉన్న ఆడవాళ్లు ‘వస్తది వస్తది’ అనేశారు. వదిన రోలరును అరుగు మీద పెట్టింది.

“వస్తదని ఇప్పుడే ఎట్ల చెప్పాలె అవ్వా? గెలిస్తె కొట్లాడుత. గెలువకున్న అడుగుత” అంది.

ముసలామె మంచం మీద పడున్న బట్టలు జరిపి, “కూసో” అంది. వదిన కూర్చుంది. చాయ్ ఇస్తే తాగింది. అప్పుడే చక్రం ఊడింది. నేను అతికించిన ముందు చక్రం, ఎంతో రాకి నున్నగా చేసింది, కడ్డీ నుంచి జారి అరుగు మీద దొర్లుకుంటూ పోయి కింద నీళ్ల బాన దగ్గర ఆగింది. నేను ఉరికాను. ఇరుసుకు పిన్ను పెట్టాల్సింది, పెట్టలేదు. అక్కడే కూర్చుని సరిచేద్దామంటే జేబులో ఏమీ లేదు. ముసలామె కోడలు చీపురు పుల్ల విరిచి ఇచ్చింది. దాంతోనే బిగించాను. సిగ్గుతో చచ్చిపోయాను. వదిన ఏమీ ఎరగనట్టు ఆ గల్లీలో నీళ్లెక్కడ ఆగుతాయో అడుగుతోంది.

తిరిగి వస్తుంటే మా పాలోళ్లలో, అంటే దాయాదుల్లో, ఒక పెద్దాయన ఎదురై వదిన కాళ్లకంటిన బురద చూశాడు. “ఆడిదాక ఎందుకు పోయినవ్ బిడ్డా? గాడ చాయ్ గూడ తాగినవంట గద!” అన్నాడు. మేం ఇంకా కాలనీ మలుపు దాటనేలేదు, ఆ కబురు మాకంటే ముందే ఊళ్లోకి చేరింది. వదిన, “జర తియ్యగైంది బాబాయ్” అని ముందుకు నడిచింది.

పోలింగ్ రోజు సెలవు పెట్టి వచ్చి ఓటు వేశాను. సాయంత్రానికి బడిలోనే లెక్కపెట్టారు. వదిన ఓడిపోయింది. పెద్ద తేడాతో కాదు. అదే అన్నను ఎక్కువ బాధపెట్టింది. ఇంటికి వచ్చి నీళ్లు కూడా తాగకుండా గోడ మీదున్న రోలరు వైపు చూశాడు.

“బొమ్మ పట్టుకొని చిన్నపిల్ల లెక్క తిరిగితె గిట్లనే అయితది. నా మాట ఇన్నరా ఎవరన్న?”

నేను తల దించుకున్నాను. ఆయన మాట నిజమేనేమో అనిపించింది. మంచమంత చేసి ఉంటే? పిన్ను పెట్టి ఉంటే? పనికిరాని ప్రశ్నలన్నీ వరసగా వచ్చాయి. పొద్దుటినుంచి బడి దగ్గర కూర్చుని అన్న వెంట ఇంటికి వచ్చిన మా ఏజెంట్లకు వదిన చాయ్ పోస్తోంది. గిన్నె కింద పెట్టి అంది.

“కాలనీ ఓట్లు మనకే పడ్డయి. పాలోళ్ల వాడల్నే పడలే. నువ్వు జీపు తిప్పిన వాడల్నే.”

ఏజెంట్లు చాయ్ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. అన్న లేచి పశువుల దొడ్డి వైపు పోయాడు. తర్వాత చాలా రోజులు ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయని అవ్వ ఫోన్లో చెప్పింది.

నేను మాదాపూర్ గదికి పోయి కొత్త జిగురు, కొత్త బ్లేడ్లు కొన్నాను. ఈసారి ఎవరూ అడగలేదు. నీళ్ల ట్యాంకర్ చేయాలని పట్టుకుంది. మొయినాబాద్ వైపు బోర్ల నుంచి నీళ్లు నింపుకుని పట్నం అపార్ట్‌మెంట్లకు పోయే ట్యాంకర్లు ఆ రోజుల్లో ఆ రోడ్డు నిండా ఉండేవి. బస్సులో కూర్చుంటే ముందొకటి, వెనకొకటి, దారంతా నీళ్లు కారుస్తూ. ఛాసిస్ బాగానే వచ్చింది. ట్యాంకే కుదరలేదు. అది గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డును అడ్డంగా పెట్టినట్టుంటుంది. ఏ పైపూ ఆ రూపంలో దొరకదు. పైపును వేడిచేసి రెండు చెక్కల మధ్య నొక్కితే ఒకసారి మాడింది, ఒకసారి ఒక వైపే దిగింది. ఆఫీసులో కూర్చున్నా ట్యాంకే. ట్యాంకు ముందు కూర్చుంటే ఆఫీసు. రెండింటి మధ్య మనసు ఒకచోట ఆనేది కాదు. గదిలో నాతో ఉండే అతను నన్ను చూసి, “ఇది హాబీనా, ఇంకో ఉద్యోగమా?” అని అడిగాడు. హాబీ అంటే నెమ్మదినిచ్చేదని అందరూ అంటారు. నాకు ఇచ్చింది అది కాదు. చేతుల్లో పని లేని గాభరాకూ, పని ఉన్న గాభరాకూ మధ్య ఎంత తేడా ఉందో తెలిసింది, అంతే. రెండోది నేను మోయగలను.

దసరా ముందు ఊరికి పోతే వదిన ఇంట్లో లేదు. చేవెళ్ల మండలాఫీసుకు పోయిందని అవ్వ చెప్పింది. కాలనీ గల్లీ సంగతి అడగడానికట. ఇది మూడోసారో నాలుగోసారో అట. మొదట బస్సులో పోయేదట. అన్న సణుగుతూనే ఉన్నాడు గానీ, ఈసారి జీపులో దింపి రావడానికి ఆయనే పోయాడట.

“గెలిచినామె ఇంట్ల కూసున్నది, ఓడినామె ఆఫీసులు తిరుగుతున్నది” అంది అవ్వ. తిడుతుందో మెచ్చుకుంటుందో ఆమె గొంతులో తెలియలేదు.

నేను లోపల, బయట చూశాను. రోలరు లేదు. బీరువా మీద లేదు, వరండా గోడ మీద లేదు. అటక కూడా ఎక్కాను. నిజం చెప్పాలంటే దాన్ని ఒక పూట దొరికించుకుని పైకప్పు సరిచేసి, ఆ గడ్డకట్టిన రంగు గీకేసి, ఇరుసుకు పిన్ను పెట్టాలని సరంజామా అంతా సంచిలో తెచ్చుకున్నాను.

మధ్యాహ్నం వదిన రాగానే అడిగాను.

“కాలనీల అంగన్‌వాడీకి ఇచ్చిన” అంది.

“ఎందుకు?”

“అడిగిండ్రు, ఇచ్చిన. పిల్లలు ఆడుకుంటరు గద.”

పిల్లలు ఆడుకోవడానికి కాదు అది, అనబోయాను. అనలేదు. కానీ నిలవలేక బండి తీసి కాలనీకి పోయాను. అంగన్‌వాడీ గదిలో నేల మీద రోలరు తొట్టి కనిపించింది. పైకప్పు ఊడిపోయింది, ఎర్ర గీత ఉన్న ఆ రేకు మీద ఒక పిల్ల మట్టి రొట్టెలు చేసి పెట్టుకుంది. వెనక చక్రం ఒకటి లేదు. ముందు పైపు చక్రాన్ని ఇద్దరు నేల మీద దొర్లిస్తూ, దాని వెంబడే పాకుతున్నారు. రెగ్జిన్ సీటు ఒక పిల్లాడి నోట్లో ఉంది. ఆయా నన్ను గుర్తుపట్టి కంగారుగా ముక్కలన్నీ ఒకచోటికి చేర్చబోయింది.

“తీస్కపోయి మంచిగ చేస్తవా సార్?”

చేస్తానని నోటిదాకా వచ్చింది. పిల్లలు నన్నే చూస్తున్నారు. నేను చక్రం తీసుకుంటానేమోనని ఒకడు దాని మీద బోర్లా పడుకున్నాడు.

“వద్దులే” అన్నాను.

సీటు మాత్రం పిల్లాడి నోట్లోంచి తీసి, దూది మింగుతాడని ఆయాకు ఇచ్చి, బయటికి వచ్చాను. ఇంటికి వచ్చాక వదిన బువ్వ పెట్టింది. నేను ఏమీ అనకపోయినా మొహం చూసిందేమో, “ఇంకోటి చేస్తవ్ గద మరిదీ” అంది. ట్యాంకర్ సంగతి చెప్పాను. ట్యాంకు కుదరడం లేదని, పైపు వేడి చేస్తే మాడుతోందని చెప్పాను. ఆమె చెయ్యి కడుక్కుంటూ, “నిప్పు మీద ఎందుకు? మసిలే నీళ్లల్ల ముంచి సూడు” అంది.

ఆ పొద్దే బోరు దగ్గరికి పోయి ఒక పైపు ముక్క తెచ్చాను. వంటింటి పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి అందులో వేశాం. అవ్వ తన గిన్నె పాడైందని అరుస్తూనే ఉంది. పైపు మెత్తబడింది. గుడ్డతో పట్టుకుని రెండు పీటల మధ్య పెట్టి నేనొకవైపు, వదిన ఒకవైపు నొక్కాం. తీసి చూస్తే ఒక చివర కోడిగుడ్డులా ఉంది, ఇంకో చివర మళ్లీ గుండ్రంగా తేలుతోంది. ఇంకా మసలాలి అంది వదిన. పీటలు చిన్నవయ్యాయి అన్నాను నేను. మళ్లీ వేశాం. అప్పటికి పట్నం పోయే బస్సు టైమైంది. నేను సంచి సర్దుకోకుండా పొయ్యి దగ్గరే నిలబడ్డాను. నీళ్లు మసులుతున్నాయి.